పలక కింద ముక్క పెట్టి కోయమనే సలహా ఎందుకు తప్పు

వరంగల్, హనుమకొండ, కాజీపేట వడ్రంగుల ఫోన్లలో కొంతకాలంగా ఒక సలహా తిరుగుతోంది. టేబుల్ సా (బల్ల మధ్య నుంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చే మిషన్) బ్లేడు 45 డిగ్రీలకు మించి వంగదు గనుక, అంతకన్నా ఏటవాలుగా కోయాలంటే పలక ఒక అంచు కింద చెక్కముక్క పెట్టి ఎత్తితే చాలని, గైడు (చెక్కను ఆనించి తోసే నిలువు కమ్మీ) బ్లేడుకు ఏ వైపున ఉన్నా ఫరవాలేదని, కోసిన సందు మూసుకుపోకుండా బ్లేడు వెనక నిలబడే రివింగ్ నైఫ్ అనే రేకు అడ్డొస్తుంది గనుక విప్పేయాలని దాని సారాంశం. 45 డిగ్రీల మాట చాలా మిషన్ల విషయంలో నిజమే. తక్కినదంతా వేళ్లకు చేటు.

పలకను ముక్క మీద ఎత్తితే అది బల్లను ఒక్క అంచు దగ్గరే తాకుతుంది. కోత పూర్తయ్యే క్షణంలో ఆనిక తప్పి పలక కదిలితే బ్లేడును బిగబట్టేస్తుంది. ఇంతకీ ముక్క అవసరమే లేదు. గది మూలకు అమర్చే ముక్కోణపు అలమారను తీసుకోండి: ముందు పలక ప్రక్క పలకతో 45 డిగ్రీల మూలలో కలుస్తుంది గనుక ఒక్కొక్క అంచు 22.5 డిగ్రీల పదునుతో తేలాలి. పలకను పడుకోబెట్టి కోస్తే బ్లేడు 67.5 డిగ్రీలు వంగాలి, అది జరగదు. అదే పలకను గైడుకు ఆనించి అంచు మీద నిలబెడితే 22.5 డిగ్రీల వంపు సరిపోతుంది. 20 మి.మీ. టేకు పలకలో ఆ కోత ముఖం వెడల్పు సుమారు 52 మి.మీ. వస్తుంది, 10 అంగుళాల బ్లేడుకు అది అందే లోతే. అయితే నిలబెట్టిన పలకను ఒట్టి చేతులతో తోయకూడదు. గైడు మీద జీనులాగా కూర్చుని జరిగే చెక్క చట్రం చేసుకుని, పలకను దానికి క్లాంపులతో బిగించాలి.

గైడు వైపు గురించిన మాట అన్నిటికన్నా ప్రమాదకరం. బ్లేడు గైడు వైపు వంగి ఉంటే, రెండింటి మధ్య ఉన్న చెక్క బ్లేడు కింద ఇరుక్కుంటుంది. వెనక నుంచి పైకి లేచే పళ్లు దాన్ని పట్టుకుని కోసేవాడి మీదికే విసురుతాయి. నిమిషానికి 4000 సార్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు పళ్ల వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. (ఒకసారి నా చేతి కింది టేకు ముక్క వెనక గోడకు తగిలింది, ప్రక్కకు నిలబడడం అలవాటు కాబట్టి బతికిపోయాను.) కనుక బ్లేడు ఎడమకు వంగే మిషన్‌లో గైడు కుడివైపు, కుడికి వంగే మిషన్‌లో ఎడమవైపు ఉండాలి.

రివింగ్ నైఫ్ బ్లేడుతోపాటే వంగుతుంది, పలకను ఆర్‌పార్ కోసేటప్పుడు అడ్డు రాదు. దాన్ని విప్పడానికి కారణమే లేదు.

ఆ సలహా చెప్పని చిక్కు మరొకటి ఉంది. కోత ముగిశాక పలక కత్తి మొనలాంటి అంచు మీద నిలబడుతుంది, గైడుకూ బల్లకూ మధ్య సందు ఉంటే ఆ మొన అందులోకి జారుతుంది. అందుకే గైడుకు బల్లను తాకేదాకా ఒక చెక్క పలకను బిగించి, అంచును పూర్తిగా పదును తేల్చకుండా 1 నుంచి 2 మి.మీ. చదునుగా వదిలిపెట్టి, ఆ మిగులును రందాతో (చిత్రిక పట్టే పనిముట్టు) తీయాలి.