నలభై అయిదు శాతం గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ 45 శాతం డిఫెన్స్ గారి సముఖానికి,

హైదరాబాద్ నుంచి సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ సూపర్‌హీరో ఆట ఆడుకునే కేపుధారులం ఉమ్మడిగా రాసుకునే విన్నపం. డిఫెన్స్ అంటే శత్రువు దెబ్బను తప్పించుకునే అంకె.

తమరి పేరు ఎత్తని బిల్డు, అంటే హీరో పవర్ల అమరిక, ఒక్కటీ లేదు. కొత్తగా చేరిన కుర్రాడు ఇంకా హీరో చెడ్డీకి రంగు ఎంచుకుంటూ ఉండగానే "డిఫెన్స్ నలభై అయిదు కొట్టినవా?" అని అడిగేవాడు తయారుగా ఉంటాడు. 2004లో మొదలై, 2012 నవంబర్ 30న మూతపడి, 2019లో అభిమానుల సర్వర్ల మీద మళ్ళీ లేచి కూర్చున్న ఆటలో తమరి పరపతి మాత్రం చెక్కుచెదరలేదు. 2024 జనవరిలో హోమ్‌కమింగ్ అనే అభిమానుల సర్వర్లకు ఆట హక్కుదారు ఎన్‌సీసాఫ్ట్ లైసెన్సు కూడా ఇచ్చేసింది కాబట్టి తమరి పదవికి ఇప్పట్లో ఢోకా లేదు. అందుకే కొన్ని సంగతులు మొహమాటం లేకుండా మనవి చేస్తున్నాం.

ముందు తమరి హోదా సంగతి. తమరే పరిమితి అని ఊరంతా నమ్ముతోంది. నిజానికి ఆ పరిమితి మనది కాదు, శత్రువుది. మన లెవెల్లోనే ఉన్న మామూలు శత్రువు చెయ్యెత్తితే దెబ్బ తగిలే అవకాశం 50 శాతం. అందులోంచి మన డిఫెన్స్ తీసేస్తారు. ఎంత తీసినా 5 కంటే కిందికి దిగనివ్వరు, ఎంత కలిపినా 95 దాటనివ్వరు. 50లోంచి 5 పోతే 45. తమరి వంశవృక్షం అంతే. డిఫెన్స్ అంకెకు అసలు పైకప్పు వంద దాటి ఎక్కడో పైన ఉంది. దాని మొహం చూసే అవసరం మామూలు ఆటలో రాదు.

తమరి చేరువకు వచ్చేకొద్దీ లాభం పెరుగుతుందన్న మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. సున్నా నుంచి 5కి వెళ్తే, వంద దాడుల్లో 50 తగిలేవల్లా 45 తగులుతాయి. పదోవంతు తగ్గింది. అదే 40 నుంచి 45కి ఎక్కితే 10 తగిలేవి 5 అవుతాయి. సగానికి సగం! ఎక్కిన మెట్లు రెండుచోట్లా అయిదే. 38 దగ్గర "ఇంక చాల్లే" అని ఆగిన బిల్డు వందకు 12 దెబ్బలు తింటుంది, అంటే తమరి నీడలో ఉన్నవాడికి దాదాపు రెండున్నర రెట్లు. ఇక్కడ తమరి గొప్పకు మేం అడ్డు చెప్పం.

అడ్డు చెప్పేది తమరి భక్తుల లెక్కలకు. "అన్నా, అరవై దాకా పెట్టిన, ఐనా బాస్ కొడ్తనే ఉన్నడు, గిదేందే?" అన్నది రోజూ వచ్చే ఫిర్యాదు. కారణం ఇది. లెక్క రెండు అంచెల్లో జరుగుతుంది. టు-హిట్‌లోంచి, అంటే పైన చెప్పిన ఆ 50 లోంచి, డిఫెన్స్ తీసి, 5కి, 95కి మధ్య బిగించడం మొదటి అంచె. వచ్చినదాన్ని శత్రువు యాక్యురసీతో, అంటే వాడి లెవెల్, హోదాలను బట్టి వచ్చే గురి గుణకంతో, గుణించి మళ్ళీ అదే బిగింపు బిగించడం రెండోది. మనకంటే నాలుగు లెవెల్లు పైనున్నవాడికి 1.4 రెట్లు. ఆపైన శత్రువు హోదాను బట్టి లెఫ్టినెంట్ అయితే 1.15, బాస్ అయితే 1.3, ఆర్చ్‌విలన్ అయితే 1.5 అదనపు గుణకం. కాబట్టి నాలుగు లెవెల్లు పైనున్న బాస్ ముందు తమరి 5 శాతం 9.1 అవుతుంది, ఆర్చ్‌విలన్ ముందు 10.5 అవుతుంది. గుణకారం బిగింపు అయ్యాక జరుగుతుంది కాబట్టి 60 కాదు, 90 పెట్టినా ఆ 9.1 దిగదు. ఫిర్యాదు చేసిన తమ్ముడికి చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. డిఫెన్స్ ఏమీ లేకపోతే అదే బాస్‌కు 91 శాతం. 91 నుంచి 9.1కి. శత్రువు ఎవడైనా తమరు దాదాపు పదింట తొమ్మిది దెబ్బలు తప్పించారు, ఆ పదోది తమరి చేతిలో లేదు. తగిలినప్పుడు మాత్రం పూర్తిగా తగులుతుంది. బ్లాస్టర్ తరగతి హీరో లాంటి పలచటి ప్రాణానికి ఆర్చ్‌విలన్ దెబ్బ రెండోసారి తగిలే అవసరం ఉండదు.

ఇక తమరి అసలు బలహీనత. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదింటికి జట్లు కట్టే వేళకు ఇక్కడ మనకు, వేసవిలో, తెల్లవారుజామున అయిదున్నర. కూకట్‌పల్లి హాస్టళ్ళలో బకెట్ల చప్పుడు మొదలయ్యే సమయం. సరిగ్గా అప్పుడే ఇంపీరియస్ టాస్క్ ఫోర్స్ అనే జట్టు పోరాటానికి జనం కావాలని పిలుపు వస్తుంది. అది జరిగే సిమెరోరా అనే చోట రోమన్ వేషాల సైనికుల కత్తులు గాయం చేసి ఊరుకోవు, తగిలిన ప్రతిసారీ డిఫెన్స్ కోస్తాయి. ఒక్కో కోత 7.5 అనుకుందాం. తమరిని ముక్కున పట్టుకుని సరిగ్గా 45 మీద నిలబడ్డ హీరోకు మొదటి దెబ్బతో 37.5; తగిలే అవకాశం 5 నుంచి 12.5కు ఎగిరింది. అవకాశం పెరిగింది కాబట్టి రెండోది త్వరగా తగులుతుంది: 30, ఇప్పుడు 20 శాతం. మూడోదానికి 22.5, అవకాశం 27.5. చుట్టూ ఎనిమిది మంది ఉంటే ఇదంతా రెండు మూడు రెప్పపాట్ల పని. ఈ జారుడుబండ మీద తమరు ఒక్కసారైనా ఆగిన దాఖలా లేదు.

దీనికి విరుగుడు డిఫెన్స్ డీబఫ్ రెసిస్టెన్స్, అంటే ఆ కోతను తట్టుకునే శక్తి. సూపర్ రిఫ్లెక్సెస్ పవర్లు తీసుకున్నవాళ్ళు దాన్ని 95 శాతం దాకా తీసుకెళ్ళగలరు, వాళ్ళకు 7.5 కోత కాస్తా 0.375 అవుతుంది, గీరుకున్నట్టు కూడా తెలియదు. అది లేనివాళ్ళకు మిగిలిన దారి తమరిని దాటి వెళ్ళడమే. 45 పైన పెట్టిన డిఫెన్స్ వృథా అని తమరి భక్తులు ప్రచారం చేస్తున్నారు. కత్తులు, తుపాకులు డిఫెన్స్ కోసేచోట ఆ పైన ఉన్న పదీ పదిహేనే కాపాడతాయి. సిమెరోరాకు 45తో వెళ్ళేవాడికంటే 55తో వెళ్ళేవాడు తెలివైనవాడని మా నిశ్చితాభిప్రాయం.

తరువాతి ఫిర్యాదు కూడికల గురించి. మెలీ (దగ్గరి దాడి) 25, స్మాషింగ్ (మోదే దెబ్బ) 25 పెట్టుకుని "యాభై ఉంది" అని కాలర్ ఎగరేసేవాళ్ళున్నారు. ఆట వాటిని కలపదు. వచ్చే దాడికి స్థానం, రకం రెండు ముద్రలూ ఉంటే, వాటిలో మనకు ఏది ఎక్కువో అదొక్కటే చూస్తుంది. పెళ్ళికి ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ చెరో శుభలేఖ ఇచ్చినా విస్తరి ఒక్కటే వేస్తారు. కాబట్టి మెలీ, రేంజ్డ్, ఏరియా అనే మూడు స్థానాలైనా పట్టుకోవాలి, లేదా స్మాషింగ్, లీథల్ మొదలుకుని రకాలైనా పట్టుకోవాలి. రెండు పడవల మీద కాళ్ళొద్దు. స్థానాలు పట్టినవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: మనసు మీద దాడి చేసే సైయానిక్ పవర్లలో కొన్నిటికి స్థానం ముద్రే ఉండదు. వాటి ముందు తమరు మూడు చోట్లా 45గా వెలిగినా లాభం లేదు.

తమరి దర్శనానికి దారి కూడా అంత చవక కాదు. కాంబాట్ జంపింగ్, వీవ్, మనూవర్స్ లాంటి డిఫెన్స్ పవర్లన్నీ కలిపి స్లాట్లు (పవర్లకు మెరుగులు పెట్టే గళ్ళు) తింటాయి, ఎండ్యూరెన్స్ అనే శక్తిని తాగుతాయి. ఆ నీలం గీత అడుగంటిందా, ఎప్పుడూ వెలిగించి ఉంచే ఆ టాగుల్ పవర్లు ఆరిపోతాయి, తమరూ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతారు. ఒక్కో పవర్‌లో 20 శాతం చొప్పున డిఫెన్స్ పెంచే సింగిల్ ఆరిజిన్ ఎన్‌హాన్స్‌మెంట్లు (మెరుగులు) మూడు పెడితే 60 శాతం కాదు, 56 వస్తుంది. నాలుగోది పెడితే 20కి 3 దక్కుతుంది, కాబట్టి ఆ స్లాట్ ఇంకోచోట పెట్టడం మేలు. స్టెడ్‌ఫాస్ట్ ప్రొటెక్షన్, గ్లాడియేటర్స్ ఆర్మర్ అనే ఎన్‌హాన్స్‌మెంట్ సెట్లలో ఒక్కో ముక్క చెరో 3 శాతం అన్ని రకాలకూ ఇస్తుంది. ఇవి ముందు కొని మిగతాది తరువాత చూసుకోవాలి. ఒక సెట్ ముక్కలు కలిపి పెడితే వచ్చే బోనస్, ఒకే రకమైనది, అయిదు సార్లకు మించి లెక్కకు రాదు. ఆరోదాని మీద డబ్బు తగలేసేవాళ్ళ పుణ్యాన వేలంశాల కళకళలాడుతోంది.

పూర్తిగా 45 కట్టే స్తోమత లేనివాళ్ళకు 32.5 చాలు. లక్ అనే చిన్న ఊదారంగు మాత్ర ఒకటి మింగితే 12.5 కలిసి నిమిషం పాటు తమరు ప్రత్యక్షం. ట్రేలో ఒకే రకం ఇన్‌స్పిరేషన్లు (ఇలాంటి మాత్రలు) మూడు ఉంటే కలిపి అదే సైజు లక్‌గా మార్చుకోవచ్చు. ఈ కిటుకు తమరి దర్బారులో ఎవరూ చెప్పరు, చెబితే దర్బారు పలచబడుతుంది కదా.

తమరు పనికిరాని పేటలు కూడా ఉన్నాయి. ఇన్‌కార్నేట్ అనే పై అంచె పోరాటాల్లో శత్రువు టు-హిట్ మొదలయ్యేదే 64 దగ్గర, కాబట్టి అక్కడ తమరి కుర్చీలో 59 కూర్చుంటారు. డెవరింగ్ ఎర్త్ అనే శత్రుముఠా నేలలో పాతే క్వార్ట్జ్ రాయి వాళ్ళ టు-హిట్‌ను అమాంతం పెంచేస్తుంది. ముందు ఆ రాయిని పగలగొట్టాలి, తరువాతే మిగతా పని. నెమెసిస్ అనే ఇంకో ముఠా లెఫ్టినెంట్ చచ్చిపోతూ పక్కవాళ్ళకు టు-హిట్ పంచి పోతాడు, కాబట్టి లెఫ్టినెంట్లను చివరికి ఉంచాలి.

కావున మా కోరికలు చిన్నవే. ఆటలో హీరో అంకెలన్నీ చూపించే కాంబాట్ అట్రిబ్యూట్స్ కిటికీలో ఒక్కో అంకె మీద రైట్ క్లిక్ చేసి మానిటర్ పెట్టుకుంటే పోరాటం నడుమ తమరు ఎప్పుడు జారుతున్నారో తెరమీదే తెలుస్తుంది. ఆ సంగతి తమరి నోటితోనే కొత్తవాళ్ళకు చెప్పాలి. బిల్డులో తమరి పేరు రాసే ప్రతిచోటా పక్కనే డీబఫ్ రెసిస్టెన్స్ ఎంతో కూడా రాయించాలి. అక్కడ సున్నా ఉంటే సిమెరోరా ద్వారం దగ్గర తమరే నిలబడి, ఊదారంగు మాత్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మరీ లోపలికి పంపాలి.

ఇట్లు,
తమరి కృపాకటాక్షం కోసం స్లాట్లన్నీ ధారపోసిన
హైదరాబాద్ కేపుధారులు