మిర్రర్ బ్యాకప్ కాదు: ఆ ఫార్వర్డ్‌కి జవాబు

తిరుపతిలో ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. ‘ఐదు వేలల్లో ఇంట్లోనే బ్యాకప్ సర్వర్’ అని మొదలవుతుంది. పాత డెస్క్‌టాప్ తీసుకోండి, డిస్కు ఏదైనా ఒకటే కాబట్టి చవకగా దొరికింది వేయండి, సీసీ కెమెరా డిస్కులైనా పర్లేదు. రెండు పెట్టి మిర్రర్ చేస్తే వేరే బ్యాకప్ అక్కర్లేదు. ర్యామ్ మాత్రం టీబీకి ఒక జీబీ లెక్కన, ఈసీసీదే (తప్పుల్ని తనే దిద్దుకునే రకం) ఉండాలి. ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ దండగ. చప్పుడు వినబడకుండా మిద్దె మీది గదిలో పెట్టండి. ఇదీ సారాంశం. పంపినవాళ్ళు చివర్లో ‘కరెక్టేనా అన్నా?’ అని కూడా అడుగుతున్నారు. కాదు. అందులోని ఒక మాట నమ్మితే పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు అన్నీ ఒక్కసారే పోతాయి.

ఐదు వేలకి రెండు కొత్త 4 టీబీ డిస్కులే రావు, కాబట్టి ఆ అంకె వదిలేద్దాం. ర్యామ్ సంగతీ అంతే. టీబీకి జీబీ అనేది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే పెద్ద సర్వర్లకి చెప్పుకునే మోటు లెక్క. ఇంటి బ్యాకప్‌కి 4 జీబీ చాలు, 8 ఉంటే ధారాళం. ఈసీసీ ఉంటే మంచిదే, లేదని పని ఆపక్కర్లేదు. ఉన్న ర్యామ్‌ని ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే పరీక్షా ప్రోగ్రామ్‌లో పెట్టండి. ఒక్క తప్పు చూపినా ఆ స్టిక్ మార్చేయండి.

ఇక ‘మిర్రర్ చేస్తే బ్యాకప్ అక్కర్లేదు’ అన్న మాట. మిర్రర్ అంటే ఒక డిస్కులో జరిగింది ఆ క్షణమే రెండోదాంట్లోనూ జరగడం. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది. విండోస్ మిషన్‌కి రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్) తగిలి, షేర్ చేసిన ఫోల్డర్ దాకా పాకితే రెండూ తాళం పడిపోతాయి. రెండు డిస్కులూ తాగేది ఒకే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) కరెంటు. అది పాడై వోల్టేజి ఎగదన్నితే రెండు బోర్డులూ కలిసి కాలిపోవచ్చు. దొంగ ఎత్తుకుపోయేది ఒక డిస్కు కాదు, డబ్బా మొత్తం. 2021 నవంబరు వానలకి తిరుపతిలో కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్ళే ఈ మెసేజ్ పంపుతుంటే ఏమనాలి? నేల మీద పెట్టిన డబ్బాలోకి నీళ్ళొస్తే మిర్రర్ ఏం కాపాడుతుంది? డిస్కు చెడిపోయినా మిషన్ ఆగకుండా నడవడానికే మిర్రర్. ఆఫీసుకి అది అవసరం. ఇంటి బ్యాకప్ ఒక రోజు ఆగితే కొంప మునగదు.

అవే రెండు డిస్కులు, అదే డబ్బు. కలపకుండా విడివిడిగా వాడండి. ఒకటి సర్వర్‌లో ఉంచండి. రెండోదాన్ని 12 వోల్టుల సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ డాక్‌లో (డిస్కుని బయట నుంచి తగిలించే స్టాండు) పెట్టి వారానికోసారి కాపీ చేసి, తీసి, వేరే ఇంట్లో దాచండి. చిత్తూరులో అత్తగారిల్లు ఉంటే ఇంకా మంచిది, అప్పుడు వారానికి బదులు నెలకోసారి వెళ్ళినప్పుడు తెచ్చి కాపీ చేసుకోవచ్చు. బయటికి పోయే డిస్కుని లక్స్‌తో (లినక్స్‌లో డిస్కుకి తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి డిస్కుకి దూరంగా ఉంచండి. కాపీకి రెస్టిక్ గానీ బోర్గ్ గానీ (రెండూ బ్యాకప్ ప్రోగ్రాములే) వాడితే పాత వెర్షన్లు కూడా మిగులుతాయి, నిన్న చెడిన ఫైలుకి మొన్నటిది దొరుకుతుంది. సర్వరే పీసీ నుంచి ఫైళ్ళు లాక్కోవాలి. సర్వర్‌లో రాసే హక్కు పీసీకి ఇవ్వొద్దు. నెలకోసారి ఓ పది ఫైళ్ళు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అది బ్యాకప్ కిందికి రాదు.

‘డిస్కు ఏదైనా ఒకటే’ కూడా తప్పే. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి కూర్చుంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా లేపాలి. అందుకే కాసేపు వేగంగా రాసి, కాష్ (ముందుగా తాత్కాలికంగా రాసుకునే చోటు) నిండగానే నత్తనడక పడతాయి. సీగేట్ 4 టీబీ బర్రాకుడా ఎస్‌టీ4000డీఎం004 ఈ రకమే. నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచే డబ్బా) కోసమని అమ్మిన రెడ్ శ్రేణిలోనూ 2 నుంచి 6 టీబీ వాటిలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని వెస్టర్న్ డిజిటల్ 2020 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. సర్వర్‌లోకి సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీదొకటి ఎక్కని రకం) తీసుకోండి, వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్ గానీ సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గానీ. దాచే డిస్కు ఎస్‌ఎంఆర్ అయినా నష్టం లేదు. సీసీ కెమెరా డిస్కు మాట మాత్రం నిజం. వెస్టర్న్ డిజిటల్ పర్పుల్ 24 గంటలూ తిరగడానికి చేసిందే, బ్యాకప్‌కి హాయిగా పనికొస్తుంది.

కొత్తదని అమ్మినా నమ్మొద్దు. వాడేసిన సీగేట్ సర్వర్ డిస్కుల గంటల లెక్క సున్నా చేసి కొందరు అమ్మకందార్లు కొత్తవిగా అంటగట్టడం 2025 మొదట్లో బయటపడింది. డిస్కుల ఆరోగ్యం చూపే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రోగ్రామ్ 7.4 లేదా ఆపై వెర్షన్‌లో ఫార్మ్ లాగ్ (సీగేట్ డిస్కు తనలో రాసుకునే చిట్టా) తెరిస్తే అసలు గంటలు తెలుస్తాయి. తర్వాత అందులోనే లాంగ్ టెస్ట్ (డిస్కంతా చదివి చూసే పరీక్ష) నడపండి, 4 టీబీకి ఇంచుమించు ఒక రాత్రి పడుతుంది. చెడిన చోట్ల లెక్క చెప్పే 5, 197, 198 నంబర్ల అసలు (రా) విలువలు సున్నా ఉండాలి. కేబుల్‌లో డేటా తప్పులు లెక్కించే 199 పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తాగుతూ రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు, బిల్లు పై స్లాబులోకి పోవచ్చు. అందుకే అది వద్దనేవాళ్ళు చాలామంది. కానీ ఈ విషయంలో మెసేజ్ రాసినాయన వైపే నేనూ. బ్యాకప్ సర్వర్ రోజంతా మేలుకుని ఉండక్కర్లేదు. బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) ఆర్‌టీసీ అలారం, అంటే లోపలి గడియారం అలారం పెట్టి రాత్రి రెండు గంటలపాటు లేపితే నెలకి 3.6 యూనిట్లే. పీసీ కూడా ఆ వేళకి ఆన్‌లో ఉండాలి, అంతే. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తది వేయండి. పాత మోలెక్స్ కరెంటు ప్లగ్గుని సాటాకి మార్చే, అచ్చుపోసిన కన్వర్టర్లు వాడొద్దు, లోపల తీగలు తగులుకుని అంటుకోవచ్చు.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు తిప్పండి. మామూలు మోడ్‌లో కరెంటు మారేలోపు మిషన్ రీస్టార్ట్ అవ్వొచ్చు. ఆ స్విచ్ లేకపోయినా, ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (లైన్ కరెంటులా సాఫీగా కాకుండా మెట్లుగా ఇచ్చేది) అయినా, చిన్న యూపీఎస్ కొనాల్సిందే.

మిద్దె మీది గది అసలు వద్దు. మే నెలలో శ్లాబు కింద గాలే 40 డిగ్రీలు దాటితే లోపల డిస్కు 50 పైన ఉడుకుతుంది. కింది అంతస్తులోనే, నేలకి మూడడుగుల ఎత్తున అల్మరాలో పెట్టి, డిస్కుల ఎదురుగా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి బిగించండి. దుమ్ము నెలకోసారి దులపండి.