ఆయుధదాన వ్రత విధానము

ఒక దేశం మీదికి మరో దేశం దండెత్తి వస్తే, దెబ్బతిన్నవాడిని ఆదుకోవాలని ఏ ప్రభుత్వానికైనా మనసులో ఉంటుంది. ఎటొచ్చీ పద్ధతి తెలియక కొన్ని దేశాలు తొందరపడి, అడిగినవి అడిగినప్పుడే ఇచ్చేసి అభాసుపాలవుతుంటాయి. అటువంటి అపచారం జరగకుండా, 2022 నుంచి ఉక్రెయిన్ విషయంలో పెద్ద దేశాలు ఆచరించి చూపిన విధానాన్ని సకల విదేశాంగ శాఖల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాం.

ముందుగా సంకల్పం. ఇందులో ఇచ్చే వస్తువు పేలేది కాకూడదు. రష్యా సైన్యం లక్షకు పైగా సరిహద్దులో మోహరించి ఉండగా, 2022 జనవరి 26న జర్మనీ రక్షణ మంత్రి క్రిస్టీనె లాంబ్రెఖ్ట్ ఉక్రెయిన్‌కు 5,000 హెల్మెట్లు ఇస్తున్నామనీ, ఇది చాలా స్పష్టమైన సంకేతమనీ ప్రకటించారు. స్పష్టంగానే ఉంది, మాస్కోకు కూడా బాగానే అర్థమైనట్టుంది. కీవ్ మేయర్ విటాలీ క్లిచ్‌కో మాత్రం, తర్వాత ఏం పంపుతారు, దిండ్లా అని అడిగారు. ఆయన పూర్వాశ్రమంలో బాక్సర్, దౌత్య మర్యాదలు అంతగా తెలియవు. హెల్మెట్లు చేరేలోపే యుద్ధం మొదలైపోయింది.

ఇక అసలు వ్రతం. అడిగిన ఆయుధం ఏదైనా సరే, మొదట కుదరదనాలి. కారణాలు మూడే: మీవాళ్లు నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది, మా దగ్గరే తక్కువున్నాయి, పుతిన్ గారికి కోపం వస్తుంది. కొన్ని నెలలు గడిచాక పరిశీలిస్తున్నామనాలి. ఇంకొన్ని నెలలకు మిత్రదేశాలతో మాట్లాడుతున్నామనాలి. చివరికి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే వ్రతభంగం, వెంటనే ఇచ్చినా వ్రతభంగమే.

2022 మార్చిలో పోలండ్ తన మిగ్-29 విమానాలను జర్మనీలో ఉన్న అమెరికా స్థావరం రామ్‌స్టైన్‌లో దింపుతాం, అక్కణ్నుంచి మీరే ఇచ్చుకోండి అంది. అది జరిగే పని కాదంది అమెరికా. ఇవ్వాలని ఇద్దరికీ ఉంది, ఇచ్చినవాడి పేరు ఎదుటివాడిదై ఉండాలని కూడా ఇద్దరికీ ఉంది. ఏడాది తిరిగాక పోలండే నేరుగా ఇచ్చింది. ఎఫ్-16 యుద్ధ విమానాల శిక్షణకు బైడెన్ సరేనన్నది 2023 మేలో, అవి ఉక్రెయిన్‌లో కంటపడింది 2024 ఆగస్టులో.

ట్యాంకుల ఘట్టాన్ని మాత్రం శ్రద్ధగా పారాయణ చేయాలి. తన లెపర్డ్-2 ట్యాంకులు కదలాలంటే ముందు అమెరికా తన ఎబ్రామ్స్ ఇవ్వాలని బెర్లిన్ పట్టు. ఎబ్రామ్స్ టర్బైన్ ఇంజనుతో నడుస్తుంది, ఇంధనం తెగ తాగుతుంది, నడపడం కష్టం, మరమ్మతు కష్టం, ఉక్రెయిన్‌కు ఇప్పుడు తగదని పెంటగాన్ అధికారులు 2023 జనవరి మూడో వారంలో కూడా చెప్పారు. తగదన్న వారానికే తగింది. జనవరి 25న ఒకే రోజు ఇద్దరూ ప్రకటించారు: జర్మనీ 14 లెపర్డ్‌లు, అమెరికా 31 ఎబ్రామ్స్. ఈ సంప్రదింపులు సాగినన్నాళ్లూ దక్షిణ ఉక్రెయిన్‌లో జాపోరిజ్జియా వైపు రష్యా సైనికులు ఖాళీగా కూర్చోలేదు. కందకాలు తవ్వారు, ట్యాంకులను ఆపే కాంక్రీటు దిమ్మెలు వరసగా పాతారు, వాటి ముందు మైళ్ల కొద్దీ మందుపాతరలు పరిచారు. జూన్‌లో ఉక్రెయిన్ ఎదురుదాడి మొదలుపెడితే లెపర్డ్‌లు ఆ మందుపాతరల్లోనే దిగబడ్డాయి. దారి శుభ్రం చేసే యంత్రాలు చాల్లేదు, పైన విమానాల కాపు లేదు. ఎబ్రామ్స్ సెప్టెంబరు ఆఖరున దిగాయి, అప్పటికి ఎదురుదాడి ఊపు అయిపోయింది. దూరం నుంచి చూసినవాళ్లు ఈ కాలం యుద్ధాలకు ట్యాంకులు పనికిరావని తేల్చేశారు.

నైవేద్యంగా ఫిరంగి గుండ్లు పెట్టదలచినవారు ముందు గుండు అంటే ఏమిటో తెలుసుకోవాలి. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి 43 కిలోల పైచిలుకు. ఉక్కు కడ్డీని ఎర్రగా కాల్చి ప్రెస్సులో సాగదీసి తీసిన గుల్ల, లోపల పోసే టీఎన్‌టీ లాంటి పేలుడు పదార్థం, ముక్కున బిగించే ఫ్యూజు, వెనక నుంచి నెట్టే మందు, ఆ మందును అంటించే ప్రైమరు. ఈ అయిదింట్లో ఒకటి రాకపోతే మిగతా నాలుగూ గోడౌన్లో కూర్చుంటాయి. 2023 మార్చిలో ఐరోపా సమాఖ్య, ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామంది. గడువు దగ్గరపడ్డాక, మార్చి నాటికి 5.24 లక్షలు చేరతాయని విదేశాంగ విధానం చూసే జోసెప్ బొరెల్ సెలవిచ్చారు. మిగతా సగం ఎక్కడ ఆగిందంటే, మందుకు కావలసిన నైట్రోసెల్యులోజ్ దగ్గర ఒకటి. అది పత్తి గింజ నుంచి దూది తీశాక ఇంకా అంటుకుని ఉండే పొట్టి నూగుతో తయారవుతుంది. గుంటూరు, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల చుట్టూ తిరిగేవాళ్లకు ఆ నూగు కొత్త కాదు. ఐరోపా మాత్రం దాన్ని ఎక్కువగా చైనా నుంచి తెప్పించుకుంటుంది. ఐరోపాలోని నాటో దేశాల్లో టీఎన్‌టీ భారీగా తయారుచేసేది పోలండ్‌లో బిడ్గోష్ దగ్గరున్న ఒక్క ఫ్యాక్టరీ. వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి: ఫ్యాక్టరీలవాళ్లు ఏళ్ల తరబడి సాగే ఆర్డరు కాగితం అడిగారు, ప్రభుత్వాలు పత్రికా ప్రకటన చూపించాయి. పత్రికా ప్రకటన తాకట్టు పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకు ఐరోపాలో లేదు.

గుండు దొరికినా కథ ముగియదు. ఉక్రెయిన్‌కు అందిన ఫిరంగుల్లో అమెరికా ఎం777, ఫ్రాన్స్ సీజర్, పోలండ్ క్రాబ్, స్లొవేకియా జుజానా, బ్రిటన్ ఏఎస్90, స్వీడన్ ఆర్చర్ ఉన్నాయి. పేరుకు అన్నిటి కొలతా 155. గుండు ఒకరిది, మందు మరొకరిది అయితే అది ఎంత దూరంలో పడుతుందో పట్టికలు మళ్లీ కట్టుకోవాలి. ఒకదాని విడిభాగం ఇంకోదానికి సరిపడదు. జర్మనీ ఇచ్చిన పాంజర్‌హౌబిట్సె 2000 విషయంలో రోజుకు 100 గుండ్లు పేల్చడమంటేనే జర్మన్ సైన్యం దృష్టిలో విపరీతమైన వాడకం. ఉక్రెయిన్ సైనికులు అంతకు మించి పేలిస్తే అది తెర మీద ఎర్రర్ మెసేజ్ పెట్టింది. పాపం, శాంతికాలంలో పుట్టిన ఫిరంగి.

తటస్థ దేశాల ఆచారం వేరు. జర్మనీ ఇచ్చిన గెపార్డ్ బండ్లు ఇరాన్ నమూనా షాహెద్ డ్రోన్లను కూల్చడంలో దిట్ట, ఖరీదైన క్షిపణి వృథా చేయనక్కర్లేదు. వాటిలో వాడే 35 మిల్లీమీటర్ల తూటాలు స్విట్జర్లాండ్‌లో తయారైనవి. జర్మనీ దగ్గరున్న 12,400 తూటాలను ఉక్రెయిన్‌కు ఇవ్వడానికి స్విస్ ప్రభుత్వం ఒప్పుకోలేదు, యుద్ధంలో ఉన్న దేశానికి వెళ్లకూడదని వాళ్ల చట్టం. తూటాలు అమ్మవచ్చు, అవసరం పడకూడదు. గెపార్డ్ రెండు గొట్టాలూ కలిపి నిమిషానికి 1,100 తూటాలు కక్కుతుంది. అంటే ఒక్క బండికి పదకొండు నిమిషాల కాల్పుల కోసం రెండు రాజధానుల మధ్య నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. చివరికి రైన్‌మెటాల్ కంపెనీ జర్మనీలోనే కొత్త లైను పెట్టుకుంది, తొలి తూటాలు 2023 సెప్టెంబరులో బయల్దేరాయి.

లెక్కలు రాయడంలో అమెరికాను అనుసరించడం శ్రేయస్కరం. స్టోరులో ఏళ్లుగా ఉన్న ఆయుధం ఇచ్చి, దాని బదులు కొత్తది కొనడానికి అయ్యే ధర ఖాతాలో రాశారు. బీరువాలో మడతపెట్టి ఉంచిన పాత చీర పెట్టి చదివింపుల పుస్తకంలో కొత్త కంచిపట్టు రాయించినట్టు. 2023 జూన్‌లో పెంటగాన్ లెక్క సరిచూస్తే 620 కోట్ల డాలర్లు ఎక్కువ రాసినట్టు తేలింది. ఒక్క లారీ కూడా వెనక్కి రాకుండానే చేసిన సాయం అంత తగ్గింది, చేయవలసింది అంత మిగిలింది. ఆ తర్వాత 2023 అక్టోబరులో బైడెన్ అడిగిన దాదాపు 6,100 కోట్ల డాలర్లను కాంగ్రెస్ 2024 ఏప్రిల్ దాకా నానబెట్టింది. మధ్యలో ఫిబ్రవరిలో, గుండ్లు పొదుపుగా వాడుకుంటూ వచ్చిన అవ్‌దీవ్‌కా పట్టణం రష్యా వశమైంది.

వీటో చేతిలో ఉన్నవారిని ఒప్పించాలని పట్టుబట్టనక్కర్లేదు, కాఫీకి పంపితే చాలు. 2023 డిసెంబరు 14న ఐరోపా సమాఖ్యలో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలా వద్దా అన్నప్పుడు, అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ సూచన మీద హంగేరీ ప్రధాని ఓర్బాన్ గది బయటికి వెళ్లారు. మిగతా 26 మంది ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయన తిరిగొచ్చి అదే రాత్రి 5,000 కోట్ల యూరోల సాయాన్ని ఆపేశారు.

పుచ్చుకునేవారికీ నియమాలున్నాయి. కృతజ్ఞత గట్టిగా, కెమెరాల ముందు, పదేపదే చెప్పాలి. మేమేమీ అమెజాన్ కాదని బ్రిటన్ రక్షణ మంత్రి బెన్ వాలెస్ 2023లోనే హెచ్చరించారు. జెలెన్‌స్కీ చెవిన పెట్టలేదు. 2025 ఫిబ్రవరి 28న శ్వేతసౌధంలో, సూటు ఎందుకు వేసుకోలేదని ఒక విలేకరి, థ్యాంక్స్ చెప్పావా అని ఉపాధ్యక్షుడు వాన్స్ నిలదీశారు. కొద్ది రోజులకే ఆయుధాలు ఆగాయి, నిఘా సమాచారం కూడా ఆగింది, మార్చి 11న మళ్లీ వదిలారు. ఆ ఏడాది జులై నుంచి విధానం ఇంకా సులువైంది: ఆయుధం అమెరికాది, డబ్బు ఐరోపాది, థ్యాంక్స్ ఇద్దరికీ.

ఈ వ్రతం ముట్టుకోకుండా ఫలం అందుకోవడం ఎలాగో తెలియాలంటే మనవైపు చూడాలి. 2022 మార్చి 2న ఐక్యరాజ్య సమితిలో రష్యా దండయాత్రను తప్పుబట్టిన తీర్మానం మీద ఎటూ ఓటేయని 35 దేశాల్లో మనం ఉన్నాం. యుద్ధానికి ముందు మన వంటింటి సన్‌ఫ్లవర్ నూనెలో సింహభాగం ఉక్రెయిన్ నుంచి వచ్చేది, తర్వాత రష్యా ముందుకొచ్చింది. పూరీకి తేడా తెలియలేదు. ముడిచమురులో రెండు శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటింది. దాన్ని మన రిఫైనరీలు డీజిల్ చేస్తే ఐరోపా కొనుక్కుంది, 2025 జులైలో ప్రకటించిన నిషేధం 2026 జనవరిలో అమల్లోకి వచ్చేదాకా. ఆ వేసవిలో ఉక్రెయిన్ కొన్న డీజిల్లో కూడా మన దేశం నుంచి వెళ్లింది ఉంది. అందులో రష్యా చుక్కలెన్నో లెపర్డ్ అడగదు, దానిది ఏ ఇంధనమైనా తాగే ఇంజను.