ప్రాముఖ్యం, ప్రాధాన్యం, విశిష్టత: అన్నీ ఒకటే కాదు

"ప్రాముఖ్యత, ప్రాధాన్యత, విశిష్టత, ఆవశ్యకత, సార్థకత: ఈ ఐదింటికీ అర్థం ఒకటే. అమరకోశమే అందుకు సాక్ష్యం. చివర 'త' ఉన్న రూపమే శుద్ధం. అచ్చ తెలుగులో ఈ భావానికి మాటే లేదు. ఒకే మాట మళ్లీ మళ్లీ రాకుండా వీటిని మార్చి మార్చి రాయండి."

పోటీ పరీక్షలకు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి పర్యాయపదాల పట్టిక తెగ తిరుగుతోంది. నమ్మి రాసేవాళ్లు నష్టపోతారు కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

మొదటిది: ఐదింటికీ అర్థం ఒకటేనా? గ్రంథాలయాల మీద వ్యాసం రాయమన్నారనుకుందాం. "గ్రంథాలయాల ఆవశ్యకత" అని ఇస్తే, అవి లేకపోతే ఏం ఆగిపోతుందో, ఎవరికి నష్టమో రాయాలి. "గ్రంథాలయాల విశిష్టత" అంటే ప్రశ్నే మారిపోయింది. బడిలోనూ పుస్తకాల షాపులోనూ దొరకనిది, అక్కడ మాత్రమే దొరికేది ఏమిటో చెప్పాలి. "గ్రంథాలయాలకు ఇవ్వాల్సిన ప్రాధాన్యం" అంటే పోటీ వచ్చినట్టు. ఉన్న డబ్బు ముందు రోడ్డుకా, పుస్తకాలకా? ప్రాధాన్యం అన్నప్పుడు పక్కన ఇంకొకటి ఉండి తీరాలి. "ప్రాధాన్య క్రమం" అనే మాట అలా పుట్టిందే. బ్యాంకులు వ్యవసాయానికి, చిన్న పరిశ్రమలకు, చదువులకు ఇచ్చే అప్పుల్ని "ప్రాధాన్య రంగం" కింద చూపించేదీ అందుకే. మూడు శీర్షికలకూ ఒకే వ్యాసం రాసినవాళ్లు రెండింటికి జవాబు రాయనట్టే.

విశిష్టతకైతే ముఖ్యమైనది అనే అర్థం అసలు అక్కర్లేదు కూడా. ఆధార్ ఇచ్చే సంస్థకు తెలుగులో "భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ" అని పేరు. ఆ 12 అంకెల సంఖ్య ఏ ఇద్దరికీ ఒకటే ఉండదు, దాని విశిష్టత అంతవరకే. దాన్ని "ప్రముఖ గుర్తింపు సంఖ్య" అని మార్చి చూడండి, అర్థమే పోతుంది. రామానుజుల విశిష్టాద్వైతం అనే వేదాంత సిద్ధాంతంలోనూ "విశిష్ట" అంటే గొప్పదని కాదు, విశేషణాలతో కూడినదని.

సార్థకత ఆ పట్టికలోకి ఎలా దూరిందో మరి. అర్థంతో, అంటే ప్రయోజనంతో కూడినది సార్థకం. పేరుకు తగ్గట్టు బతికిన మనిషిని "సార్థక నామధేయుడు" అంటాం. అతను లోకానికి ముఖ్యుడు కాకపోవచ్చు, పక్క వీధికి కూడా తెలియకపోవచ్చు. అయినా ఆ మాట అతనికి చెల్లుతుంది. "నా జన్మ సార్థకమైంది" అనే చోట "నా జన్మ ముఖ్యమైంది" అని ఎవరైనా అంటారా?

ఒకటి ఒప్పుకోవాలి. ప్రాముఖ్యం, ప్రాధాన్యం మాత్రం బాగా దగ్గరి మాటలు, చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకొకటి వాడినా ఇబ్బంది రాదు. అయినా "చారిత్రక ప్రాముఖ్యం ఉంది" అన్నంత సహజంగా "చారిత్రక ప్రాధాన్యం ఇచ్చారు" పలకదు. ఎక్కువగా ప్రాముఖ్యం ఒకదానికి ఉండేది, ప్రాధాన్యం మనం ఇచ్చేది.

ఇక అమరకోశం. అమరసింహుడు కూర్చిన ఈ సంస్కృత పర్యాయపదాల నిఘంటువు మూడో కాండలో ప్రధానం, ప్రముఖం, ప్రవేకం, అనుత్తమం, ఉత్తమం, ముఖ్యం, వర్యం, వరేణ్యం అని వరసగా చెప్పిన మాట నిజమే. ఆ వరసలో విశిష్టం లేదు, ఆవశ్యకం లేదు, సార్థకం లేదు. పైగా "క్లీబే ప్రధానం" అని మొదలుపెట్టి, ప్రధానం అనే మాట నపుంసకలింగమని అమరసింహుడే ప్రత్యేకించి చెప్పాడు. వాడుకలో తేడా ఉందని కోశమే హెచ్చరిస్తోందన్నమాట. అదే ప్రధానం మొదటి కాండలో సృష్టికి మూలమైన ప్రకృతికి పేరుగా కూడా వస్తుంది. అంతదూరం ఎందుకు, ముఖ్యం, ప్రధానం ఒకే వరసలో ఉన్నాయి కదా అని ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనగలమా? ఉత్తమ ఉపాధ్యాయుడు, ప్రధానోపాధ్యాయుడు ఒకరే అవుతారా? కోశం దగ్గరి మాటల్ని ఒకచోట చేర్చి పెడుతుంది. ఏది ఎక్కడ పొసగుతుందో వాడుక చెప్పాలి.

"త" సంగతి చూద్దాం. ప్రముఖ అనే విశేషణాన్ని ఆ గుణానికి పేరుగా మార్చాలంటే సంస్కృతంలో రెండు దారులు. "త" చేర్చి ప్రముఖత అనొచ్చు, లేదా మొదటి అచ్చును పెంచి, చివర "య" తెచ్చి ప్రాముఖ్యం అనొచ్చు. ప్రాముఖ్యత అంటే రెండూ ఒకేసారి చేసినట్టు. ప్రాధాన్యత, ఐక్యత, నైపుణ్యత కూడా అంతే. అలాగని వాటిని వాడేవాళ్లకు తెలుగు రాదని వెక్కిరించడం నాకు నచ్చదు. ఐక్యత, ప్రాధాన్యత జనం నోళ్లలో స్థిరపడిపోయాయి. కానీ ప్రాముఖ్యం కన్నా ప్రాముఖ్యతే శుద్ధం అనడం తలకిందుల మాట. విశిష్టత, ఆవశ్యకత, సార్థకతల్లో "త" సరిగ్గానే ఉంది, ఎందుకంటే అక్కడ అది ఒక్కటే పనిచేస్తోంది.

అచ్చ తెలుగులో మాటే లేదన్నది పూర్తిగా అబద్ధం. గొప్ప, విలువ, మిన్న, పస ఎక్కడివి? "పసలేని వాదన" అన్నంత సూటిగా "ప్రాముఖ్యత లేని వాదన" తగలదు. పెద్దపీట వేశారు, పట్టించుకున్నారు అని రోజూ అంటూనే ఉన్నాం.

చివరిగా, మాట మళ్లీ రాకూడదన్న భయం. చెప్పేది అదే అయితే అదే మాట రాయండి, తప్పేమీ లేదు. మరీ విసుగనిపిస్తే ఆ నామవాచకాన్నే తీసేసి విషయం చెప్పండి. "విద్యార్థి జీవితంలో నిద్రకు ఎంతో ప్రాముఖ్యత, ప్రాధాన్యత, విశిష్టత ఉన్నాయి" అని మార్కుల కోసం సాగదీసే బదులు "రాత్రి సరిగ్గా నిద్రపోకపోతే, చదివింది మర్నాడు గుర్తుకు రావడం కష్టం" అని రాయండి.