పెప్పర్ స్ప్రే బ్యాగు అడుగున ఉంటే ఏం లాభం?

ఆడవాళ్లు పెప్పర్ స్ప్రే దగ్గర పెట్టుకోవాలని ఇక్కడ ఒకరు రాశారు, మంచిదే. కానీ అది టిఫిన్ బాక్సు కింద ఉంటే చేతికొచ్చేసరికి వెంటపడినోడు మీదికొచ్చేస్తాడు. పోయినేడు రాత్రి తిరుపతి బస్టాండు నుంచి నడిచొస్తుంటే ఒకడు వెంటపడ్డాడు. అరుద్దామంటే నాకు గొంతు పెగల్లేదు. లైటు వెలుగుతున్న టీ అంగట్లోకి దూరి, "అన్నా, వాడు నా వెనకే వస్తా ఉండాడు" అన్నాను. ఆయన చేతిలో గరిటెతోనే బయటికొచ్చాడు, వాడు మాయం. అందుకే మా పాపకు మొదట అరవడమే నేర్పిస్తున్నా, రోజూ మిద్దె మీద. అమ్మది బటన్ ఫోను. 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే ఆపదలో సాయానికుండే 112 నంబరుకి ఫోను పోతుందని చూపించాను. ఇంకోటి, తిరగబడితే మన మీదే కేసవుతుందని భయపడొద్దు. ఐపీసీ బదులు వచ్చిన చట్టం భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. కాకపోతే అవసరమైనంత వరకే. వాడు పారిపోయాక తరిమి కొట్టడం అందులోకి రాదు.