సిన్సినాటి చూడాలంటే కెంటకీ వెళ్లండి

వేసవి వచ్చిందంటే ఒహాయో రాష్ట్రంలోని మా సిన్సినాటికి ఇండియా నుంచి చుట్టాలు దిగుతారు. వాళ్లను ఎక్కడికి తిప్పాలన్నది ఇక్కడి తెలుగు కుటుంబాలను ఏటా పీడించే జాతీయ సమస్య. ఇప్పటివరకు మనవాళ్లు కనుక్కున్న పరిష్కారం "గుడి, కాస్ట్‌కో దుకాణం, మళ్లీ గుడి" దగ్గరే ఆగిపోయింది. అందుకే ప్రజాహితం కోరి, పూర్తి బాధ్యతతో ఈ మార్గదర్శకాలు విడుదల చేస్తున్నాను. మొదటి నియమం: ఈ ఊరు చూడాలంటే ఊళ్లో ఉండకూడదు.

విమానం దిగగానే ఇది బోధపడుతుంది. సిన్సినాటి విమానాశ్రయం సిన్సినాటిలో లేదు, అసలు ఒహాయోలోనే లేదు. ఒహాయో నది అవతల కెంటకీ రాష్ట్రంలో ఉంది. అక్కణ్ణుంచి ఐ-75 హైవే మీద వస్తుంటే కొండను తొలిచి వేసిన రోడ్డు ఒకటి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో నది, వంతెనలు, మేడలు అన్నీ ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటాయి. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన అత్తగారు సరిగ్గా అక్కడే నిద్రలోకి జారుకుంటారు. లేపకండి. కోవింగ్టన్‌లో డెవూ పార్కు అని ఉంది, ఆ కొండ మీద నుంచి తర్వాత తీరిగ్గా చూపించొచ్చు. అదీ కెంటకీయే.

ఇక నది. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఊరని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ ఆ నది మనది కాదు. 1792లో కెంటకీ రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఉత్తరపు ఒడ్డున నీళ్లు బాగా తగ్గితే ఎక్కడిదాకా ఉండేవో, అదే సరిహద్దని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే నది దాదాపు మొత్తం అవతలివాళ్లదే. ఒహాయో అన్న పేరు మనకు, నీళ్లు వాళ్లకు. కృష్ణా జలాల మీద ట్రిబ్యునళ్ల మీద ట్రిబ్యునళ్లు వేసుకుంటున్న మన రెండు రాష్ట్రాల ఇంజనీర్లను ఒకసారి పిలిచి చూపిస్తే బాగుంటుంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక: అలవాటు కొద్దీ వంతెన మీద నుంచి నదిలో చిల్లర వేస్తే ఆ పుణ్యం కెంటకీ ఖాతాలో జమవుతుంది.

ఆ వంతెన కూడా కెంటకీదే లెండి. నిర్వహణ వాళ్లదే. నీలంరంగు రోబ్లింగ్ వంతెన 1866లో తెరిచినప్పుడు ప్రపంచంలో అంత పొడవు స్తంభాల మధ్య వేలాడే వంతెన ఇంకోటి లేదు, 1,057 అడుగులు. దాన్ని కట్టిన ఇంజనీరు రోబ్లింగే తర్వాత న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనకు నమూనా గీశాడు. న్యూయార్క్‌లో ఫోటోలు దిగి వచ్చి గొప్పలు పోయే బావగారికి "మాది అన్న, మీరు చూసింది తమ్ముడు" అని మర్యాదగా చెప్పండి.

మెట్రో లేని ఊరా ఇది అని ఎవరైనా చిన్నచూపు చూస్తే ఊరుకోవద్దు. మనకు మెట్రో ఉంది, రైళ్లే లేవు. 1916లో ప్రజలు అరవై లక్షల డాలర్ల బాండ్లకు ఓటేశారు. 1920లో పని మొదలైంది. ధరలు పెరిగాయి, డబ్బులు అయిపోయాయి, సొరంగం రెండు మైళ్లు దాటి మిగిలింది. ఒక్క ప్రయాణికుడూ ఎక్కని ఆ రైలుకు జనం 1966 దాకా బాకీ తీర్చారు. మధ్యలో ఎవరికో మంచి ఆలోచన వచ్చి ఆ సొరంగంలోంచి మంచినీళ్ల గొట్టం వేశారు. విజయవాడ మెట్రో కోసం ఎదురుచూస్తున్నవారెవరైనా వస్తే సెంట్రల్ పార్క్‌వే మీద నిలబెట్టి, కాళ్ల కింద ఉందని చెప్పండి. చూపించడానికి లేదు, లోపలికి వెళ్లనివ్వరు.

ఆ రోడ్డుకు ఇంకో ఘనత ఉంది. సొరంగానికి ముందు అక్కడో కాలువ పారేది. జర్మనీ నుంచి వచ్చినవాళ్లు ఇంటి మీద బెంగతో దాన్ని రైన్ నది అనుకుని, అవతలి పేటకు ఓవర్-ద-రైన్ అని పేరు పెట్టారు. కాలువ పోయింది, పేరు మిగిలింది. ఈ లేని నదికి అవతలే 1855 నాటి ఫిండ్లే మార్కెట్ ఉంది. నిజంగా బాగుంటుంది, శనివారం పొద్దున్నే వెళ్లండి. వ్యంగ్యానికి పనికిరాదు కాబట్టి ఇంతకన్నా రాయను.

యూనియన్ టెర్మినల్ 1933లో రైల్వే స్టేషన్‌గా కట్టిన మహా భవనం. ఇప్పుడది మ్యూజియం. రైలు కూడా వస్తుంది, వారానికి మూడు రోజులు, దొంగలు తిరిగే వేళకు.

భోజనం విషయానికొస్తే స్థానికులు చిల్లీ తినమని పట్టుబడతారు. 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన అన్నదమ్ములు మొదలుపెట్టిన వంటకం ఇది. పేరు చూసి గుంటూరువాళ్లు ఆశపడకూడదు. స్పగెట్టీ మీద దాల్చినచెక్క వాసన వచ్చే కీమా కూర, దాని మీద కొండంత చీజ్ తురుము. కీమా గొడ్డుమాంసం, ముందే చెప్పి తీసుకెళ్లండి. కొన్నిచోట్ల శాకాహారులకు నల్ల చిక్కుడు గింజలతో అన్నం దొరుకుతుంది. ఫోర్కుకు స్పగెట్టీ చుట్టి తింటే పరాయివాళ్లని పసిగట్టేస్తారు, అంచుతో కోసుకుని తినాలి. ఆవకాయ సీసా బయటికి తీయాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వారే తేల్చుకోవాలి.

చివరిగా ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. పరిచయమైన ఐదు నిమిషాల్లో ఇక్కడివాళ్లు "మీరెక్కడ చదివారు?" అంటారు. బీటెక్ గురించి చెప్పకండి. వాళ్లడిగేది హైస్కూలు. మనవాళ్లు "మీదే ఊరండీ, ఎవరి తాలూకు?" అని అడిగి రాబట్టేదంతా వాళ్లు దీంతోనే రాబడతారు. మామయ్యగారిని నిబ్బరంగా "జిల్లా పరిషత్ హైస్కూల్, రాజానగరం" అనమనండి. కాసేపు ఆలోచించి, "అది ఈస్ట్ సైడా, వెస్ట్ సైడా?" అంటారు. ఈస్ట్ అనమనండి. తూర్పు గోదావరే కదా, అబద్ధమేమీ కాదు.