మామిడి బీరు మీద ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

ఈ నెలలో ఇది ఐదోసారి. డల్లాస్‌లో ఇంట్లో బీరు చేసుకునే మన తెలుగు గ్యాంగ్‌లో ఒకడు పెడతాడు, ఇంకొకడు దండం బొమ్మ తగిలించి మళ్లీ అదే పంపుతాడు. 'పండు వేసిన బీరు చెడిందా? ఐదు సూత్రాలు' అట.

ఒకటి: పండు వేశాక మళ్లీ బుడగలొస్తే చెడినట్టే. బాబూ, పండులో చక్కెర ఉంది, ఫెర్మెంటర్‌లో, అంటే బీరు పులిసే పాత్రలో, చక్కెర తిని ఆల్కహాల్, గ్యాస్ చేసే ఈస్ట్ ఉంది, అది తినకుండా చూస్తూ కూర్చుంటుందా? పైగా ఇండియన్ స్టోర్‌లో కొనే 850 గ్రాముల గుజ్జు డబ్బాల్లో చాలావాటికి అదనంగా పంచదార కూడా కలుపుతారు, లేబుల్ చదవండి. కంగారు పడాల్సింది బుడగలు రాకపోతే.

రెండు: పైన తెల్లగా ఏం కనిపించినా పారబోయాలి. గుజ్జు గ్యాస్‌తో పైకి తేలుతుంది, దానికి ఈస్ట్ అంటుకుని తడి ముద్దల్లా ఉంటుంది, మెల్లగా ఊపితే విరిగి మునుగుతుంది. అలా కాకుండా పాల మీద మీగడలా పరుచుకుని, ముడతలు పడి, కింద బుడగల్ని పట్టి ఉంచే పొర అయితే అడవి ఈస్టో (మనం వేయకుండా బయటి నుంచి దూరేది) బాక్టీరియానో దిగిందని అనుమానించండి. నూగుగా, పచ్చగానో నల్లగానో ఉంటే బూజు, పారబోయడమే. గరిటెతో తీసేసి తాగుతానంటే మీ ఇష్టం, నన్ను పిలవకండి.

మూడు: పుల్లగా ఉంటే పోయినట్టే. పండు వేస్తే పులుపు రాక చేదొస్తుందా? వెనిగర్ వాసనో, గ్లాసులో తీగలా సాగే జిగటో ఉంటే మాట్లాడండి.

నాలుగు: పండు వేస్తే మిథనాల్ పుట్టి కళ్లు పోతాయి. పోవు. పండు నుంచి వచ్చేది అతి కొంచెం. కళ్లు పోయినవాళ్లు తాగింది మిథనాల్ కలిపిన కల్తీ సారా.

ఇక ఐదోది. 'ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) బుడగలు ఆగి, వాసన బాగుంటే బీరు శుభ్రం, వెంటనే సీసాల్లో పట్టేయండి.' ఇది రాసిన మహానుభావుడు ఎప్పుడైనా గాజు పెంకులు ఏరాడా? మూత కాస్త లీకైనా, గది చల్లబడినా బుడగలు ఆగిపోతాయి. నేనూ పోయిన వేసవిలో ఇలాగే ఆగాయని చూసి, హైడ్రోమీటర్ (బీరు ఎంత చిక్కగా ఉందో, అంటే చక్కెర ఎంత మిగిలిందో చూపే తేలే గొట్టం) ఒకే ఒక్కసారి ముంచి, 1.011 అని (నీళ్లయితే 1.000) రాసుకుని సీసాల్లో పట్టేశాను. మూడో వారం అర్ధరాత్రి గ్యారేజ్‌లో ఠప్‌మని మోత, పొద్దున చూస్తే అట్టపెట్టె తడిసి ముద్ద, ఒక గాజుముక్క గోడలో దిగి ఉంది. మిగతావి గాగుల్స్ పెట్టుకుని ఒక్కొక్కటే తీశాను. రుచి నీళ్లలా పలచన, లవంగం వాసన, గ్యాస్ పోగొట్టి కొలిస్తే 1.006. నేను వేసిన ఈస్ట్ వదిలేసిన చక్కెరల్ని కూడా ఇంకేదో తినేసింది.

లెక్క చూడండి: గ్రావిటీ, అంటే ఆ హైడ్రోమీటర్ అంకె, ఒక్క పాయింట్ (0.001) తగ్గితే బీరు పరిమాణానికి దాదాపు అర రెట్టు గ్యాస్. ఐదు పాయింట్లకి రెండున్నర రెట్లు, సీసాలో గ్యాస్ కోసం నేను పంచదార వేసి ముందే పెట్టుకున్నది 2.4, మొత్తం ఐదుకి దగ్గర. మామూలు సీసా మూడు దాటితే నమ్మలేం. అందుకే మూడు నాలుగు రోజుల తేడాతో రెండు మూడు రీడింగులు తీయండి, అదీ హైడ్రోమీటర్‌తోనే, ఆల్కహాల్ చేరాక రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగడాన్ని బట్టి చక్కెర కొలిచేది) నేరుగా చూపించే అంకె తప్పు. ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపి పక్కన పెట్టండి. అది రాయిలా గట్టిపడిందంటే అన్నీ ఫ్రిజ్‌లోకి తోసేయండి, సీసాలు పట్టుకునేటప్పుడు గ్లవ్స్ మర్చిపోకండి.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ ఫార్వర్డ్ చివర 'ఊరికే మూత తీయకండి' అని ఒక లైను ఉంది. మొదటిసారి చదివి నవ్వాను. కానీ ఆ పేలిన బ్యాచ్‌కి నేను వచ్చిన ప్రతి చుట్టానికీ మూత తీసి చూపించాను, చుట్టూ పండు ఈగలు తిరుగుతుంటే. అడవి ఈస్ట్ దూరింది బహుశా అక్కడే. ఇప్పుడు గాజు ఫెర్మెంటర్ కొన్నాను, చూడాలనిపిస్తే బయటి నుంచే టార్చి వేసి చూస్తున్నాను.